మడ్డి ఆపిన ఇరవై ఏళ్లకు బయటపడ్డ తెల్ల బుడిపెలు

పోస్టు పెద్దది. మోటరు ఆన్ చేసి గట్టు మీద కూర్చున్నప్పుడు తీరిగ్గా చదువుకోండి.

ఈమధ్య ఊళ్లలోకి పట్నం చెత్తతో చేసిన కంపోస్టు, మురుగునీటి ప్లాంట్లలో మిగిలే మడ్డి ట్రాక్టర్ల మీద వస్తున్నది. రేటు తక్కువ. ఒక్కోసారి కిరాయి ఇస్తే చాలు, లోడు గుమ్మరించి పోతారు. పశువులు తగ్గిపోయి పెంట దొరకని కాలంలో ఎవరికైనా ఆశ పుడుతుంది, తప్పు లేదు. "ఇందులో లోహాలు ఉంటాయంట కదా" అని అడిగితే ఒక కాగితం తీసి చూపిస్తారు. కాడ్మియం ఇంత, జింక్ ఇంత, సీసం ఇంత. అన్నీ లిమిట్ లోపలే. సంతకం, ముద్ర కూడా ఉంటాయి.

ఆ లిమిట్ అనే అంకె ఏ నేల మీద పుట్టింది? ఎవరి ప్రాణానికి హాని కలగకుండా పెట్టారు? మనిషి ప్రాణానికా, పైరు ప్రాణానికా, మట్టిలో ఉన్న కంటికి కనబడని జీవాల ప్రాణానికా? కాగితం మీద ఇది రాసి ఉండదు. దాని వెనక ఎనభై ఏళ్ల చరిత్ర ఉంది. అది ఇంగ్లండ్‌లో ఒక ఇసుక పొలంలో మొదలైంది.

ఇంగ్లండ్‌లో బెడ్‌ఫర్డ్‌షైర్ అనే జిల్లా ఉంది. అక్కడ వోబర్న్ అనే చోట 1876లో ఒక ప్రయోగ క్షేత్రం పెట్టారు. తర్వాత అది రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రం చేతికి వచ్చింది. రోథమ్‌స్టెడ్ అంటే 1843 నుంచి ఒకే పొలంలో ఒకే ప్రయోగం ఆపకుండా చేస్తూ వస్తున్న జాగా. వోబర్న్ నేల ఇసుక పాలు ఎక్కువ, బంకమట్టి తక్కువ. మన చెలక లాంటిదే అనుకోండి, రంగు వేరు.

1942లో, యుద్ధం నడుస్తున్నప్పుడు, అక్కడ కూరగాయల ప్రయోగం ఒకటి మొదలుపెట్టారు. తోటలకు పశువుల ఎరువు దొరకడం కష్టమైంది. దాని బదులు ఏం వేయొచ్చు? లండన్ మురుగు మడ్డి వేస్తే ఎట్లా ఉంటుంది? మడ్డిని గడ్డితో కలిపి కుళ్లబెట్టి వేస్తే ఎట్లా? కొన్ని మడులకు పశువుల ఎరువు, కొన్నింటికి మడ్డి, కొన్నింటికి మడ్డి కంపోస్టు, కొన్నింటికి ఉత్త రసాయన ఎరువు. లండన్ మురుగంటే ఇళ్లది ఒక్కటే కాదు, ఫ్యాక్టరీల నీళ్లు కూడా అందులోకే వచ్చేవి. కాబట్టి మడ్డితో పాటు జింక్, రాగి, నికెల్, కాడ్మియం కూడా పొలానికి చేరాయి. కూరగాయలు బాగానే పండాయి. ఎవరికీ అనుమానం రాలేదు. 1961లో మడ్డి వేయడం ఆపేశారు.

మనమైతే అక్కడితో మర్చిపోతాం. రోథమ్‌స్టెడ్ వాళ్ల గొప్ప ఏందంటే, ప్రయోగం ఆగినా మడులు చెరపలేదు. ఏ మడికి ఏం వేశారో పుస్తకంలో అట్లాగే ఉంచారు. ఇరవై ఏళ్ల తర్వాత అదే పనికొచ్చింది.

ఈలోపు రోథమ్‌స్టెడ్‌లోనే ఇంకో పని జరిగింది. డేవిడ్ జెంకిన్సన్, డేవిడ్ పౌల్సన్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు మట్టిలో మొత్తం ఎంత ప్రాణం ఉందో కొలిచే పద్ధతి ఒకటి 1976లో బయటపెట్టారు. వినడానికి విచిత్రంగా ఉంటుంది. మట్టికి క్లోరోఫాం పొగ పెడతారు. అందులోని జీవాలన్నీ దాదాపు చస్తాయి. క్లోరోఫాం తీసేసి, చిటికెడు బతికున్న మట్టి కలుపుతారు. ఆ కొత్త జీవాలు చచ్చినవాటిని తింటూ బొగ్గుపులుసు గాలి వదులుతాయి. ఎక్కువ గాలి వచ్చిందంటే ముందు ఎక్కువ ప్రాణం ఉన్నట్టు. అంతకుముందు మట్టి జీవాలను గాజు పళ్లెంలో పెంచి లెక్కపెట్టేవాళ్లు. పళ్లెంలో పెరగని జీవాలే మట్టిలో ఎక్కువ కాబట్టి ఆ లెక్క ఎప్పుడూ తప్పే వచ్చేది. ఈ కొత్త పద్ధతితో మట్టి మొత్తాన్ని ఒక పశువును తూకం వేసినట్టు వేయొచ్చు.

ఫిలిప్ బ్రూక్స్, స్టీవ్ మెక్‌గ్రాత్ ఈ తూకాన్ని వోబర్న్ మడుల మీద వేశారు. 1984లో ఫలితం అచ్చేశారు. మడ్డి ఆపి ఇరవై ఏళ్లు దాటినా, మడ్డి వేసిన మడుల్లో మట్టి జీవం పశువుల ఎరువు వేసిన మడుల్లో ఉన్నదాంట్లో సుమారు సగమే ఉంది. సేంద్రియ పదార్థం రెండింటిలోనూ ఉంది, తిండికి కొదవ లేదు. తినేవాళ్లే సగమయ్యారు.

అప్పటి లిమిట్లతో పోలిస్తే ఆ మడుల్లో జింక్, రాగి, నికెల్ గీతకు అటూ ఇటూగా ఉన్నాయి. కాడ్మియం మాత్రం గీత దాటింది. ఆ గీతలు గీసినవాళ్లు చూసుకున్నది రెండే: పైరు మాడకూడదు, తిన్న మనిషికి, పశువుకు హాని రాకూడదు. మట్టి జీవాలను లెక్కలోకి తీసుకున్నది ఎవరూ లేరు.

అసలు కథ ఇక్కడి నుంచే. మెక్‌గ్రాత్, బ్రూక్స్, కెన్ గిల్లర్ కలిసి అవే మడుల్లో తెల్ల క్లోవర్ వేశారు. క్లోవర్ అంటే ఉత్తరాదిలో పశువులకు వేసే బర్సీమ్ గడ్డికి దగ్గరి చుట్టం. పప్పుజాతి మొక్క. మన పెసర, కంది, పల్లి లాగానే వేరు బుడిపెల్లో రైజోబియం బాక్టీరియాను పెట్టుకుని గాలిలోని నత్రజనిని లాక్కుంటుంది. ఈ సంగతి తెలిసి కూడా మరీ ఎక్కువ కాలం కాలేదు. 1886లో జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్ట్ అనే ఇద్దరు బుడిపెల రహస్యం చెప్పారు. 1888లో హాలండ్‌లో బైజరింక్ ఆ బాక్టీరియాను విడిగా తీసి చూపించాడు. మన తాతలు మాత్రం అది తెలియకుండానే జొన్నలో కంది, పెసర కలిపి వేస్తూ వచ్చారు.

మడ్డి మడుల్లో క్లోవర్ పాలిపోయింది, దిగుబడి బాగా తగ్గింది. అదే మడిలో నత్రజని ఎరువు వేస్తే మాత్రం చక్కగా పెరిగింది. అంటే లోహాలు మొక్కను ఏమీ అనలేదు. మొక్కకు అన్నం పెట్టే చేతిని దెబ్బకొట్టాయి. వేర్లు తవ్వి చూస్తే బుడిపెలు ఉన్నాయి. కానీ చిన్నవి, లోపల తెల్లగా ఉన్నాయి. పనిచేసే బుడిపె లోపల ఎర్రగా, గులాబీ రంగులో ఉంటుందని మీకు తెలుసు. మన రక్తంలో ఉండే పదార్థం లాంటిదే అందులోనూ ఉంటుంది కాబట్టి ఆ రంగు. తెల్ల బుడిపె అంటే ఇంట్లో కూర్చుని తింటూ పని చేయని జీతగాడు.

1989లో గిల్లర్, మెక్‌గ్రాత్, పెన్నీ హిర్ష్ ఇంకో మెట్టు లోతుకు పోయారు. ఆ మట్టిలో రైజోబియం పూర్తిగా చావలేదని, నత్రజని పట్టలేని రకం ఒక్కటే మిగిలిందని చూపించారు. పక్క మడిలో, పశువుల ఎరువు వేసిన చోట, రకరకాల రైజోబియం ఉంది. మడ్డి మడిలో బతికి బట్టకట్టింది లోహానికి ఓర్చుకునే పనికిమాలిన రకమే.

మంచి రకాన్ని బయటి నుంచి తెచ్చి పోస్తే? అదీ చూశారు. విత్తనంతో పాటు ఎక్కువ మోతాదులో వేస్తే బుడిపెలు వచ్చాయి, పనిచేశాయి. అదే బాక్టీరియాను మొక్క లేకుండా ఉత్త మట్టిలో రెండు నెలలు ఉంచితే చచ్చిపోయింది. బుడిపె లోపలికి చేరితే రైజోబియంకు ఇల్లు దొరికినట్టే, అక్కడ దానికి రక్షణ ఉంటుంది. పంటకూ పంటకూ మధ్య ఖాళీ నేలలో ఒంటరిగా ఉన్నప్పుడే లోహం దాన్ని తింటుంది. కల్చర్ ప్యాకెట్ ఒకసారి పట్టించాం కదా, ఇంక చాలు అనుకునేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. పాడైన నేలలో ప్రతి పంటకూ విత్తనానికి పట్టించాల్సిందే.

ఈ ఫలితాలు వస్తున్న రోజుల్లోనే, 1986లో, యూరప్ దేశాలు కలిసి మడ్డి మీద ఒక చట్టం చేశాయి. నేలలో జింక్ కిలో మట్టికి 150 నుంచి 300 మిల్లీగ్రాములు, కాడ్మియం 1 నుంచి 3 మిల్లీగ్రాములు దాటకూడదన్నారు. ఏ దేశానికి ఆ దేశం ఈ మధ్యలో ఎక్కడైనా గీత గీసుకోవచ్చు. బ్రిటన్ జింక్‌కు పై అంకె 300 పెట్టుకుంది. వోబర్న్ సంగతి బయటికొచ్చాక ఒక శాస్త్రవేత్తల కమిటీ వేసి, 1993లో దాన్ని 200కు దించమని సలహా తీసుకుంది. మట్టి బాక్టీరియా కోసం ఒక దేశం లిమిట్ దించుకోవడం గురించి నేను చదివింది ఇదొక్కటే.

అదే 1993లో అమెరికా కూడా మడ్డి నియమాలు చేసింది. అక్కడ హెక్టారుకు జీవితకాలం మొత్తం మీద 2,800 కిలోల జింక్ వేసుకోవచ్చన్నారు. మన లెక్కలోకి మార్చి చూడండి. ఎకరానికి పై ఆరంగుళాల మట్టి సుమారు 9 లక్షల కిలోలు ఉంటుంది. 2,800 కిలోలను ఎకరానికి కుదిస్తే 1,130 కిలోల పైచిలుకు. కిలో మట్టికి 1,200 మిల్లీగ్రాములు దాటుతుంది. బ్రిటన్‌లో 200 వద్దు అంటుంటే అమెరికాలో 1,200 పర్వాలేదు. రెండు దేశాలూ చదువుకున్నవే, ప్రయోగశాలలకు కొదవ లేనివే.

అమెరికా వాళ్లు కళ్లు మూసుకుని అంకె పెట్టలేదు. మేరీల్యాండ్ రాష్ట్రంలో లోహాలున్న మడ్డి వేసిన పొలాల్లో సోయా రైజోబియంను లెక్కపెట్టారు. ఏళ్లు గడిచినా దానికి చెప్పుకోదగ్గ నష్టం కనబడలేదని 1987లో అచ్చేశారు. ఇటు జర్మనీలో, బ్రౌన్‌ష్వైగ్ దగ్గర రెండు పొలాల్లో చూస్తే లిమిట్ లోపలే క్లోవర్ రైజోబియం తగ్గిపోయింది. ఆ రెంటిలో ఒకటి పాత సాగు భూమి, ఇంకోటి అడవి కొట్టి సాగులోకి తెచ్చిన పుల్ల నేల. పుల్ల నేలలో దెబ్బ ఇంకా ఎక్కువ. ఒకే ఊరు, ఒకే మడ్డి, రెండు పొలాలు, రెండు ఫలితాలు.

కొన్నేళ్లు సముద్రానికి అటూ ఇటూ వాదులాట నడిచింది. మీ ప్రయోగం తప్పంటే మీది తప్పని. నిదానంగా తేలింది ఏందంటే, ఎవరి నేల మీద వాళ్లు నిజమే చెప్పారు. క్లోవర్ రైజోబియం సుకుమారం, సోయాది మొండి. ఇసుక నేలకు లోహాన్ని పట్టి ఉంచే చేతులు తక్కువ, బంకమట్టికి, సేంద్రియ పదార్థానికి ఎక్కువ. నేల పుల్లబడితే పట్టి ఉంచిన లోహం కూడా వదులై నీటిలోకి దిగుతుంది. సున్నపు నేలలో గట్టిగా అతుక్కుని ఉంటుంది. మట్టిలో మొత్తం లోహం ఎంత అన్నది పరీక్షలో వచ్చే అంకె. బాక్టీరియా నోటికి అందేది అందులో ఎంత అన్నది నేల స్వభావం మీద ఉంటుంది. 1994లో బ్రిటన్ ఒకే ప్రయోగాన్ని తొమ్మిది చోట్ల, తొమ్మిది రకాల నేలల్లో మొదలుపెట్టింది ఇందుకే. అక్కడ కూడా కొన్ని చోట్ల క్లోవర్ బాక్టీరియా తగ్గింది, కొన్ని చోట్ల తగ్గలేదు.

ఇప్పటిదాకా నేల తేడా గురించి చెప్పుకున్నాం. మరి జీవాలు? ఇంగ్లండ్ మట్టిలో ఉన్నవీ మన మట్టిలో ఉన్నవీ ఒకటేనా?

చాలా కాలం ఒకటే అనుకున్నారు. 1934లో హాలండ్ శాస్త్రవేత్త బాస్ బెకింగ్ ఒక మాట అన్నాడు. సూక్ష్మజీవులు అన్నిచోట్లా ఉంటాయి, ఏది పెరగాలో ఆ చోటే ఎంచుకుంటుందని దాని భావం. గాలికి, నీటికి, పక్షి కాలికి అంటుకుని ఎక్కడికైనా పోగలవు కాబట్టి అట్లా అనుకోవడంలో అర్థం ఉంది. కానీ మందుల కంపెనీలు అంతటితో ఊరుకోలేదు. ఒక మట్టిలో దొరకని సూక్ష్మజీవి ఇంకో మట్టిలో దొరుకుతుందేమోనని దేశదేశాల నుంచి పిడికెడు పిడికెడు మట్టి తెప్పించాయి. ఇందులో మన తెలుగాయన కూడా ఉన్నారు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే కంపెనీకి పరిశోధన అధిపతి. ఆయన కింద పనిచేసిన ముసలి శాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ చాలా చోట్ల మట్టి వెతికి, చివరికి మిస్సోరి విశ్వవిద్యాలయం వాళ్ల సాన్‌బార్న్ ప్రయోగ క్షేత్రం నుంచి వచ్చిన మట్టిలో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చే సూక్ష్మజీవిని పట్టాడు. 1948లో మందు బయటికొచ్చింది, ఆ ఏడే సుబ్బారావు గారు పోయారు. ఆ మట్టి తీసిన మడి కూడా వోబర్న్ మడుల లాగే ఏళ్ల తరబడి లెక్క రాసిపెట్టిన మడి. ఎరువు వేయకుండా గడ్డి పెంచిన చోటు. రైతుకు పనికిరాని మడి అనిపిస్తుంది, కోట్ల ప్రాణాలు కాపాడిన మందు అందులో నుంచి వచ్చింది.

2006లో నోవా ఫియరర్, రాబర్ట్ జాక్సన్ ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల నుంచి 98 మట్టి నమూనాలు తెచ్చి బాక్టీరియా తేడాలు చూశారు. ఎండ, వాన, దూరం వీటికంటే ఎక్కువ తేడా తెచ్చింది నేల పీహెచ్. పులుపూ చౌడూ కాని మధ్యస్థ నేలల్లో ఎక్కువ రకాలు, పుల్ల నేలల్లో తక్కువ రకాలు. అమెజాన్ అడవి అంత పచ్చగా ఉంటుందా, అక్కడి పుల్ల మట్టిలో బాక్టీరియా రకాలు మాత్రం ఎడారి మట్టి కంటే తక్కువ.

లోహాల కథకు ఇది ఎక్కడ కలుస్తుందంటే, 2001లో ఆస్ట్రేలియాకు చెందిన మైక్ మెక్‌లాఫ్లిన్, బెల్జియంకు చెందిన ఎరిక్ స్మోల్డర్స్ ఒక సంగతి గమనించారు. పుట్టుకతోనే జింక్ ఎక్కువున్న నేలల్లో మట్టి జీవాలు జింక్‌కు గట్టిగా తట్టుకుంటాయి. పుట్టుకతో జింక్ తక్కువున్న నేలల జీవాలు కొంచెం జింక్ పెరిగినా దెబ్బతింటాయి. కారం తినే ఇంటి పిల్లకు, చప్పిడి తినే ఇంటి పిల్లకు ఉన్న తేడా అన్నమాట. కాబట్టి దేశమంతటికీ ఒకే అంకె పెట్టకుండా, నేలల పుట్టుక చూసి ప్రాంతాలుగా విడగొట్టి లిమిట్లు పెట్టాలని వాళ్లు రాశారు.

ఇది చదివాక నాకు మొదట గుర్తొచ్చింది మన సంగతే. మన రెండు రాష్ట్రాల్లో చాలా నేలలు జింక్ తక్కువ ఉన్నవి. వరికి జింక్ సల్ఫేట్ వేయకపోతే ఆకు మీద తుప్పు మచ్చలు వచ్చే నేలలు. చప్పిడి తినే ఇళ్లన్నమాట. మన దగ్గర ఇట్లాంటి పరీక్ష చేశారని నేను చెప్పడం లేదు, అక్కడి సూత్రాన్ని ఇక్కడికి తెచ్చి ఆలోచిస్తున్నా. అట్లాగని జింక్ సల్ఫేట్ మానేయకండి దయచేసి! ఎకరానికి 20 కిలోలు వేస్తే అందులో జింక్ నాలుగు కిలోల పైన ఉంటుంది, కిలో మట్టికి 5 మిల్లీగ్రాములు కూడా పెరగదు. వందల అంకెల మాట వేరు.

తట్టుకోవడం అనే మాటకు ఇంకో ముఖం కూడా ఉంది. అది మన పక్కనే, పటాన్‌చెరులో కనబడింది. మందుల ఫ్యాక్టరీల వ్యర్థ జలాలు నక్కవాగులో కలవడం, రైతులు సుప్రీంకోర్టు దాకా పోవడం మీలో చాలామందికి తెలుసు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం అక్కడి ఉమ్మడి శుద్ధి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ తేలింది. జ్వరానికి ఆ మాత్ర మింగిన మనిషి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ! తర్వాత చూసినప్పుడు వాగు అడుగు బురదలో, చుట్టుపక్కల మట్టిలో, బావుల్లో కూడా మందు జాడలు, వాటితో పాటు మందుకు లొంగని జన్యువులు దొరికాయి. అక్కడి జీవాలు తట్టుకోవడం నేర్చుకున్నాయి. ఆ తట్టుకునే గుణం మనుషుల రోగాల బాక్టీరియాకు చేరితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. వోబర్న్‌లో లోహానికి ఓర్చుకున్నది పని చేయని రకం. పటాన్‌చెరులో మందుకు ఓర్చుకున్నది మనకు భయం పుట్టించే రకం. "మట్టి అలవాటు పడుతుందిలే" అని ఎవరైనా అంటే, ఏది అలవాటు పడి మిగిలిందో అడగండి.

అదే పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ పెట్టారు. ఆ స్థలం ఎంచుకోవడానికి ఒక కారణం ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఒకే ఆవరణలో ఉండటం. మన పల్లెల్లో కూడా చాలాచోట్ల అంతే. గట్టు ఇవతల చెలక, అవతల రేగడి. ఒకే ట్రాక్టర్ లోడు రెండింటిలో పడుతుంది, ఒకే కాగితంతో.

ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం మన దేశంలో సిటీ కంపోస్టులో కాడ్మియం కిలోకు 5 మిల్లీగ్రాములు, జింక్ 1,000 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇది కంపోస్టుకు పెట్టిన గీత. చెలకకు ఇంత, రేగడికి ఇంత అని అందులో లేదు. సరిగ్గా గీత మీద ఉన్న కంపోస్టును ఎకరానికి ఏటా 5 టన్నులు వేశారనుకోండి. కాడ్మియం ఏడాదికి 25 గ్రాములు. కిలో మట్టికి ఒక మిల్లీగ్రాము చేరడానికి దాదాపు 35 ఏళ్లు. జింక్ ఏడాదికి 5 కిలోలు, పదేళ్లలో కిలో మట్టికి 55 మిల్లీగ్రాముల దాకా. అంటే గీత లోపల నిజంగా ఉన్న కంపోస్టు రెండు మూడేళ్లు వేసినంత మాత్రాన కొంప మునగదు. భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ వేసిన లోహం ఎటూ పోదు, యూరియాలాగా గాలికి ఎగరదు, పంట తీసుకుపోయేది చాలా కొంచెం. పేడలా కుళ్లి కలిసిపోదు. కొడుకు, మనవడు చేసే చెలకలో అదే ఉంటుంది. ఇక పరీక్ష లేని మడ్డి, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని మడ్డి సంగతి అయితే ఈ లెక్కలేవీ దానికి వర్తించవు.

రేగడి ఉన్నవాళ్లకు కొంత ధీమా ఉంది. బంకమట్టి ఎక్కువ, సున్నం ఉంటుంది, పీహెచ్ 8 చుట్టూ ఉంటుంది. లోహం అంత సులభంగా వదులు కాదు. చెలకకు ఆ రక్షణ లేదు. పైగా మనం వేసే అమ్మోనియం సల్ఫేట్, యూరియా ఏళ్ల మీద నేలను పుల్లబరుస్తాయి. ఇది కూడా వోబర్న్‌లోనే తేలింది. అక్కడ 1876 నుంచి ఏటా గోధుమ, బార్లీకి అమ్మోనియం సల్ఫేట్ వేస్తూ పోతే ఇరవై ఏళ్లకు మడులు పుల్లబడి పంటే రాకుండా పోయింది. సున్నం వేశాక మళ్లీ పండింది. పుల్లబడ్డ చెలకలో లోహం కూడా ఉంటే రెండు దెబ్బలు ఒకే చోట పడతాయి. అందుకే చెలకలో పల్లి వేసేవాళ్లు భూసార పరీక్ష కార్డులో ముందు పీహెచ్ చూసుకోండి. 6 కంటే దిగుతుంటే సున్నం గురించి మీ ఏఈఓను అడగండి, ఆ తర్వాతే బయటి కంపోస్టు మాట.

లోడు తెచ్చినవాళ్లను మూడు అడగండి. ఈ మడ్డి ఏ ప్లాంటుది, అందులో ఫ్యాక్టరీల నీళ్లు కలుస్తాయా? పరీక్ష ఈ లోడుకు చేసిందా, ఎప్పుడో చేసిన కాగితమా? జింక్, కాడ్మియం, నికెల్, రాగి, నాలుగూ అందులో ఉన్నాయా? జవాబు సరిగా రాకపోతే పొలంలో గుమ్మరించనీయకండి. గట్టు మీద కూడా వద్దు, వానకు దిగేది పొలంలోకే.

ఇప్పటికే వేసినవాళ్లు పెద్ద పరీక్షకు ముందు ఒక పని చేయొచ్చు, పైసా ఖర్చు లేదు. పెసరో, బొబ్బర్లో, పల్లో, 35 నుంచి 45 రోజుల పైరు ఉన్నప్పుడు, తడి నేలలో పారతో మట్టితో సహా నాలుగు మొక్కలు లేపండి. గుంజితే బుడిపెలు తెగి నేలలోనే ఉండిపోతాయి. బకెట్ నీళ్లలో నానబెట్టి మెల్లగా కడగండి. ప్రధాన వేరు మీద లావు బుడిపెలు ఎన్ని ఉన్నాయో చూడండి, గోటితో చీల్చండి. కంపోస్టు వేయని చోట నాలుగు, వేసిన చోట నాలుగు, పక్కపక్కన పెట్టి రంగు చూడండి. యూరియా ఎక్కువ పడ్డ చోట కూడా బుడిపెలు తక్కువ వస్తాయి కాబట్టి రెండు చోట్లా ఎరువు ఒకేలా వేసిన మడులు తీసుకోండి. ఫోటో తీసి కింద పెట్టండి. నేల చెలకా రేగడా, ఏం వేశారు, ఎన్నేళ్లుగా వేస్తున్నారు అన్నది కూడా రాయండి.